మూత తీసే ముందు

అమెరికాలో తయారైన ఎల్జిన్ జేబు గడియారం ఒకటి నా దగ్గరికి చిన్న రేకు డబ్బాలో వచ్చింది. కేసు లేదు, అద్దం లేదు, కీ ఇచ్చే బుడిపె లేదు. తెల్లటి ఎనామిల్ డయలు, దాని వెనక సన్నటి చారలు చెక్కిన నికెల్ పలకలు, వాటి మధ్య కదలకుండా నిలబడిపోయిన చక్రాలు. అంతే. అప్పుడు మా దగ్గర ఆర్నెల్లు ఉండటానికి ఊరినుంచి వచ్చిన అమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసి, "ఇదేమిట్రా, దీనికి ఒంటి మీద బట్టే లేదు" అంది.

దాని బట్ట బంగారం. బంగారం ధర పెరిగినప్పుడల్లా ఇలాంటి గడియారాల మెషీన్లను ఊడదీసి పక్కన పడేసి, కేసులు కరిగించుకున్నారు. అలా మిగిలిపోయిన మెషీన్లు పాత సామాన్ల అమ్మకాల్లో, గడియారాల సంతల్లో ఇప్పటికీ డబ్బాలకొద్దీ కనిపిస్తాయి. వాటిలో ఒకదాన్ని తెచ్చుకుని నడిపించి, తగిన కేసు తొడగడం ఎలాగో ఈ అధ్యాయంలో చెబుతాను. కిందటి అధ్యాయంలో మొదలుపెట్టిన పనిని సగంలో ఎందుకు వదిలేస్తామో మాట్లాడుకున్నాం. చాలాసార్లు అసలు లోపం మొదట్లోనే ఉంటుందని నా నమ్మకం. చూడాల్సినంత చూడకుండా చెయ్యి పెడతాం. పాత గడియారం ఆ తొందరను క్షమించదు. అందుకే ఈ పుస్తకంలో దీనికి ఒక అధ్యాయం ఇచ్చాను.

షికాగో చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకు అరోరాలోని వేంకటేశ్వరస్వామి గుడి బాగా తెలుసు. ఆ ఊరి మధ్యలోంచి పారే ఫాక్స్ నది వెంట ఉత్తరంగా వెళితే ఎల్జిన్ పట్టణం వస్తుంది. 1864లో అక్కడ గడియారాల కంపెనీ పెట్టారు. 1867లో మొదటి గడియారం బయటికి వచ్చింది. మూతపడేలోపు ఆ కంపెనీ చేసినవి దాదాపు ఆరు కోట్లు. కర్మాగారం 1960ల్లో నేలమట్టమైంది కానీ, నక్షత్రాలను చూసి సరైన టైము లెక్కగట్టడానికి 1910లో వాళ్ళు కట్టుకున్న వేధశాల మాత్రం ఇంకా నిలబడే ఉంది. నేను గుడికి ఎన్నోసార్లు వెళ్ళాను. పై ఊళ్ళో ఏముందో ఆ రేకు డబ్బా వచ్చేదాకా ఆలోచించలేదు.

మొదటి నియమం చెబుతాను. గడియారం ఇంటికి వచ్చిన మూడు రోజుల వరకు స్క్రూడ్రైవర్ ముట్టుకోవద్దు. ఒక నోటు పుస్తకం, ఒక భూతద్దం, ఒక కొలబద్ద, ఫోన్లో కెమెరా చాలు. మొదటి రోజు మెషీను మీద చెక్కిన సీరియల్ నంబరు రాసుకోండి. ఎల్జిన్, వాల్థమ్, హామిల్టన్, ఇల్లినాయ్ కంపెనీల సీరియల్ నంబర్ల పట్టికలు దొరుకుతాయి. వాటితో ఏ ఏడు తయారైందో సుమారుగా తెలుస్తుంది. చాలా ఎల్జిన్‌ల మీద మెషీను రకాన్ని తెలిపే గ్రేడు అంకె చెక్కి ఉండదు. దాన్నీ ఆ నంబరుతోనే పట్టుకోవాలి. కేసు మీద ఉండే నంబరు వేరు. దాన్ని బట్టి గడియారం వయసు కట్టేవాళ్ళున్నారు, అది పొరపాటు. మెషీను చేసినవాళ్ళు వేరు, కేసు చేసినవాళ్ళు వేరు.

రెండో రోజు సైజు. అమెరికన్ గడియారాల సైజుకు ఒక విచిత్రమైన లెక్క ఉంది. అంగుళాన్ని 30 భాగాలు చేస్తారు. ఒక అంగుళం, దానిపైన 5 భాగాలు ఉంటే సున్నా సైజు. ఆపైన ఒక్కో భాగం పెరిగితే ఒక్కో సైజు. ఆ లెక్కన 16 సైజంటే ఒక అంగుళం 21 భాగాలు, అంటే 43.18 మిల్లీమీటర్లు. 18 సైజైతే 44.87. కొలవాల్సింది డయలు కింద ఉండే పెద్ద పలకను, డయలును కాదు. నాది 16 సైజు, 15 రాళ్ళది, అంటే ఇరుసుల రాపిడి తగ్గించేందుకు పొదిగిన రాళ్ళు పదిహేను.

మూడో రోజు బుడిపె ఎక్కడ రావాలో చూడండి. 12 అంకె దగ్గర వస్తే మూత లేని రకం. 3 దగ్గర వస్తే డయలు మీద కూడా మూత ఉండే హంటర్ రకం. రెంటిలోనూ సెకన్ల ముల్లు 6 దగ్గరే ఉంటుంది. హంటర్ మెషీనును తెచ్చి మూతలేని కేసులో కూర్చోబెడితే 3 అంకె పైకి వస్తుంది, గడియారం పక్కకు పడుకున్నట్టు కనిపిస్తుంది. అలాంటివి సంతల్లో బోలెడు. పని చేస్తాయి. నాకు మాత్రం వాటిని చూస్తే ఎవరో చూడకుండానే తొడిగేశారనిపిస్తుంది.

ఇక్కడే మరో మాట. నేను బేర్ మెషీనుకు కీ ఇద్దామని నాలుగు పలకల బెంచి కీ దూర్చి తిప్పితే స్ప్రింగు బిగియలేదు, ముళ్ళు తిరిగాయి. పాడైందనే అనుకున్నాను. పాడవలేదు. చాలా అమెరికన్ గడియారాల్లో బుడిపె కాడ, అంటే స్టెమ్, మెషీనులో ఉండదు, కేసు మెడలో ఉంటుంది. కేసులో ఉన్నప్పుడు ఆ స్టెమ్ లోపలికి నొక్కి ఉంచితేనే మెషీను కీ తీసుకుంటుంది. నొక్కేది లేకపోతే దానంతటదే ముళ్ళు తిప్పే స్థితికి వెళ్ళిపోతుంది. కాబట్టి బెంచి కీని లోపలికి గట్టిగా నొక్కిపెట్టి తిప్పాలి. ఆ ఒక్క సంగతి తెలియక విప్పేసి ఉంటే, ఏ లోపమూ లేని భాగాన్ని బాగు చేయబోయి పాడు చేసేవాణ్ణి.

ఇప్పుడు విప్పడం. ముందుగా స్ప్రింగులో మిగిలిన బిగువును దించేయాలి. పళ్ళ చక్రం వెనక్కి తిరగకుండా ఆపే చిన్న ముక్కను క్లిక్ అంటారు. కీని వేళ్ళమధ్య గట్టిగా పట్టుకుని, క్లిక్‌ను పక్కకు జరిపి, కీని కొంచెం కొంచెంగా జారనివ్వండి. బిగువు ఉండగానే పలక స్క్రూలు విప్పితే చక్రాలన్నీ ఒక్కసారి గిర్రున తిరిగి ఇరుసుల కొనలు విరుగుతాయి. ఆ తర్వాత బ్యాలెన్స్ చక్రాన్ని దాని వంతెనతో సహా పైకి తీయండి. దాని ఇరుసు కొన మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, తల వెంట్రుక కన్నా ఓ పిసరు లావు. కింద పడ్డ గడియారాల్లో మొదట విరిగేది అదే. ఒక్కో భాగం తీసినప్పుడల్లా ఫోటో తీయండి. స్క్రూలను ఏ రంధ్రంలోవి ఆ రంధ్రం పేరు రాసిన గిన్నెలో వేయండి. ఒకే రకంగా కనిపించే రెండు స్క్రూల్లో ఒకటి వెంట్రుకవాసి పొడుగుంటుంది. దాన్ని తప్పుడు చోట బిగిస్తే కింద చక్రాన్ని నొక్కేస్తుంది.

శుభ్రం చేయడంలో నేను చేసిన పెద్ద తప్పు చెప్పాలి. ఇది ఎల్జిన్ కన్నా ముందు, ఇంకో పాత వాల్థమ్ మీద. భాగాలన్నిటినీ ఆల్కహాల్లో వేసి, బాగా నానితే బాగా శుభ్రమవుతాయని రాత్రంతా వదిలేశాను. పొద్దున చూస్తే ప్యాలెట్ ఫోర్కు నుంచి రెండు ఎర్రటి రాళ్ళూ ఊడి గాజు గిన్నె అడుగున ఉన్నాయి. టిక్ టిక్ చప్పుడు పుట్టేది ఆ రాళ్ళ దగ్గరే. సెకనుకు ఐదుసార్లు, రోజుకు 4,32,000 సార్లు చక్రాన్ని ఆపి వదిలేది అవే. వాటిని ఫోర్కులో నిలబెట్టేది జిగురు కాదు, లక్క. లక్క ఆల్కహాల్లో కరుగుతుంది. నా దగ్గరున్న మరమ్మతు పుస్తకంలో ఆ సంగతి ఉంది. నేను ఆ పేజీ చదివాను కూడా. చదివింది చెయ్యి పెట్టేటప్పుడు గుర్తురాలేదు.

రాళ్ళను తిరిగి అతికించడానికి చిన్న ఇత్తడి పలక మీద ఫోర్కును పెట్టి, రాయి పక్కన దారంలా సాగదీసిన లక్క ముక్క ఉంచి, కింద స్పిరిటు దీపం పట్టాలి. లక్క మెత్తబడి రాయి చుట్టూ పాకుతుంది. ఒక ఆదివారం నేను అదే పనిలో ఉండగా అమ్మ వంటగదిలోంచి వచ్చి, "లక్క కాలుస్తున్నావేమిట్రా?" అంది. అమ్మ పుట్టిల్లు ఎలమంచిలి దగ్గర. ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలకు తిరిగే తరిణె మీద లక్క పట్టిస్తుంటే చిన్నప్పుడు చూసిందట. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టేటప్పుడు వచ్చే వాసన ఇదేనంది. మన దేశపు అడవుల్లో మోదుగ, కుసుమ చెట్ల కొమ్మల మీద పురుగులు పెట్టే లక్కే ఇది. అది ఓడలెక్కి ప్రపంచమంతా తిరిగింది. గడియారాల వాళ్ళ బల్లల మీదికీ చేరింది. అమ్మ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. రాయి పాత లోతులో కూర్చోక మూడుసార్లు కరిగించాల్సి వచ్చింది. మూడోసారి వేడి చేసేముందు నేను తొందరపడుతుంటే, "చల్లారనీ, అప్పుడు కదా ఎంత వంకర ఉందో తెలిసేది" అంది. ఆ మాట నోటు పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను. రాళ్ళు లోతు తప్పితే గడియారం నడవదు, నడిచినా ఆగుతుంది. ఈ పని మీ మొదటి గడియారం మీద చేయకండి. చేతకానిది నిపుణుడికి ఇవ్వడం ఓటమి కాదు.

కాబట్టి ఫోర్కును, బ్యాలెన్స్‌ను నాఫ్తాలో కడగండి. అది లక్కను కరిగించదు. తలుపులు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా చూసుకోండి. రాళ్ళ రంధ్రాలను మెత్తటి పుల్లను మొనగా చెక్కి తిప్పుతూ తుడవాలి. పుల్ల నల్లగా వస్తుంది. మళ్ళీ చెక్కి మళ్ళీ తిప్పాలి. తెల్లగా వచ్చేవరకు. నాకు ఈ పనంతటిలో ఇష్టమైన భాగం ఇదే. ఒక్కో రంధ్రానికి నాలుగైదుసార్లు పట్టొచ్చు, అప్పటికి బుర్రలో ఉన్న ఆఫీసు గోల కూడా దిగిపోయి ఉంటుంది.

నూనె విషయంలో ఒక్క మాట. తక్కువ. రాయి చుట్టూ ఉండే గుంటలో సగానికి పైన కాస్త చాలు. చక్రాల పళ్ళకు నూనె వద్దు. బ్యాలెన్స్ మీద సన్నగా చుట్టుకుని ఉండే హెయిర్ స్ప్రింగుకు అసలే వద్దు. ఒక్క చుక్క తగిలితే చుట్లు ఒకదానికొకటి అంటుకుని గడియారం పరుగు లంకించుకుంటుంది. ఒకప్పుడు గడియారాల నూనెను సముద్రపు పోర్పోయిస్ దవడ కొవ్వు నుంచి తీసేవాళ్ళు. ఇప్పుడు కృత్రిమ నూనెలు ఉన్నాయి, అవే వాడండి.

పాత మెయిన్ స్ప్రింగును బయటికి తీస్తే ఎస్ ఆకారంలో విచ్చుకోవాలి. చుట్టలాగే ఉండిపోతే దాని సత్తువ అయిపోయినట్టే. నాది అలాగే ఉంది. వెడల్పు, మందం, పొడుగు కొలిచి కొత్తది తెప్పించండి. చివర ఎలా ఉందో కూడా చూడండి. కొన్నిటికి రంధ్రం, కొన్నిటికి అడ్డ ముక్క, కొన్నిటికి నాలుకలాంటిది ఉంటుంది. చివర కలవకపోతే మిగతా కొలతలన్నీ కలిసినా పనికిరాదు. దొరికితే తెల్లటి మిశ్రలోహపు స్ప్రింగు తీసుకోండి, అది అంత తేలికగా విరగదు.

ఇక కేసు. అమెరికన్ గడియారాలకు కేసు మార్చడం మోసమేమీ కాదు. 1920ల ముందు వరకు చాలామంది కొన్న పద్ధతే అది. కొనేవాడు నగల షాపులో ఒక అరలోంచి మెషీను ఎంచుకునేవాడు, ఇంకో అరలోంచి కేసు ఎంచుకునేవాడు. షాపువాడు రెంటినీ అక్కడే బిగించి ఇచ్చేవాడు. కీస్టోన్, క్రెసెంట్, ఫేస్, డూబర్ లాంటి కంపెనీలు కేసులకే పేరుపడ్డాయి. ఒకే సైజులో ఎవరి మెషీనైనా ఎవరి కేసులోనైనా సరిపోవాలనే ఆ కొలతలన్నీ పుట్టాయి. ఆచరణలో స్టెమ్ ఎత్తులో, స్క్రూల చోట్లలో కాస్త తేడాలుంటాయి. ఎల్జిన్‌కు ఇంతకుముందు ఎల్జిన్ ఉన్న కేసే వెతకండి, పని తేలికవుతుంది.

కేసును కొనేముందు లోపలి అంచును భూతద్దంతో చూడండి. మెషీనును పట్టి ఉంచే రెండు స్క్రూల తలలు అంచు మీద గీత పెడతాయి. రెండే గీతలుంటే ఆ కేసు ఒక్క మెషీనుతోనే బతికి ఉండొచ్చు. నాలుగుంటే మారింది. నాకు దొరికిన కేసులో నాలుగున్నాయి. అంటే నాకంటే ముందే ఎవరో ఒకరు దానికి ఇంకో మెషీను తొడిగారు.

లోపల "20 ఏళ్ళు", "25 ఏళ్ళు" అని ఉంటే అది బంగారు కేసు కాదు. మూల లోహానికి రెండు వైపులా బంగారు రేకు అతికించి చేసింది. అమెరికాలో ఆ రకం కేసులకు జేమ్స్ బాస్ 1859లో పేటెంటు తీసుకున్నాడు. పైపూత అన్నేళ్ళు అరగదని కంపెనీ ఇచ్చిన హామీ ఆ అంకె. బుడిపె చుట్టూ, అంచుల మీద, మెడ దగ్గర ముందుగా ఇత్తడి తొంగిచూస్తుంది. అలాంటి కేసును పాలిష్ చక్రం మీద పెట్టొద్దు. మెరుపు కోసం ఉన్న కాస్త బంగారాన్నీ గీకేసినట్టవుతుంది. సబ్బు నీళ్ళు, మెత్తటి బ్రష్షు చాలు. "సిల్వరోడ్" అని ఉంటే పేరు చూసి వెండి అనుకోకండి, అందులో వెండి ఉండదు. గట్టిది, చవక, రోజూ వాడటానికి నేనైతే దాన్నే మెచ్చుకుంటాను.

కూర్చోబెట్టేటప్పుడు మెషీను అంచున ఉండే చిన్న మేకు కేసులోని గాడిలో పడాలి. స్టెమ్ చతురస్రపు రంధ్రంలోకి వెళ్ళాలి. అప్పుడు స్క్రూలు. ఇంతా అయ్యాక నా గడియారంలో బుడిపె లాగితే ముళ్ళు తిరగలేదు, నొక్కితే మాత్రం కీ తీసుకుంది. కేసు మెడలో స్టెమ్‌ను పట్టి ఉంచే స్లీవు అనే చిన్న గొట్టం ఉంటుంది. దాని లోతు ఈ మెషీనుకు సరిపోలేదు. నక్షత్రంలా చాలా కొమ్మలుండే ప్రత్యేకమైన తాళంతో స్లీవును పావు చుట్టు చొప్పున బయటికి తిప్పుతూ, ప్రతిసారీ బుడిపె లాగి చూడాలి. నాకు మూడు పావు చుట్లు పట్టింది. ఒక్కసారిగా చుట్టంతా తిప్పేసి ఉంటే కీ పోయి ముళ్ళు వచ్చేవి, మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి.

ఇక్కడ గట్టిగా ఒక విజ్ఞప్తి. మీ మెషీనుకు కేసు కోసం, చక్కగా జతకూడి నడుస్తున్న ఇంకో గడియారాన్ని విడదీయకండి. ఖాళీ కేసులు దొరుకుతాయి, నెలలు పట్టినా ఆగండి. నాకు ఐదు నెలలు పట్టింది. ఇంకో హెచ్చరిక. 1910ల తర్వాతి కొన్ని గడియారాల డయలు మీద, ముళ్ళ మీద చీకట్లో వెలిగేలా రేడియం పూత ఉంటుంది. దాన్ని గీకకండి, ఊదకండి, అలా ఉన్నవాటిని అసలు ఇంట్లో విప్పకండి.

టైము చూడటం. కీ నిండా ఇచ్చి, డయలు పైకి పెట్టి, 24 గంటల తర్వాత తేడా రాయండి. తర్వాత బుడిపె పైకి నిలబెట్టి మరో 24 గంటలు. ఎంత తేడా ఉండొచ్చంటారా? రైల్వే గడియారాల కొలత ఎలా వచ్చిందో చూడండి. ఒహాయోలోని కిప్టన్ దగ్గర 1891 ఏప్రిల్‌లో రెండు రైళ్ళు ఢీకొన్నాయి. ఒక డ్రైవరు గడియారం నాలుగు నిమిషాలు ఆగి మళ్ళీ నడిచిందన్నారు. ఆ తర్వాత రైల్వే గడియారాలకు నియమాలు కట్టుదిట్టమయ్యాయి. వారానికి 30 సెకన్లకు మించి తేడా ఉండకూడదన్నారు. అవి 17 రాళ్ళకు తగ్గని, ఐదు భంగిమల్లో సరిచూసిన గడియారాలు. నూరేళ్ళు దాటిన 15 రాళ్ళ గడియారాన్ని ఆ కొలతతో కొట్టొద్దు. నాది మొదటి రోజు మూడు నిమిషాలు వెనకబడింది. బ్యాలెన్స్ వంతెన మీద ఎఫ్, ఎస్ అక్షరాల మధ్య ఉండే ముల్లును ఎఫ్ వైపు వెంట్రుకవాసి జరిపి, ఇంకో రోజు ఆగాను. మళ్ళీ వెంట్రుకవాసి. పది రోజులకు రోజుకు 40 సెకన్ల తేడాకు వచ్చింది. అక్కడ ఆపేశాను. దానికది చాలు.

నా కేసు మూత మీద ఎవరివో రెండు పొడి అక్షరాలు అల్లినట్టు చెక్కి ఉన్నాయి. చెరిపించమని కొందరన్నారు. చెరపలేదు. మూత లోపలి వైపు భూతద్దంలో చూస్తే మొనతో గీసిన చిన్న చిన్న అంకెలు కనిపిస్తాయి. ఒకప్పుడు బాగుచేసినవాళ్ళు తమ గుర్తుగా, తేదీగా గీసుకున్నవి. నా కేసులో అలాంటివి మూడున్నాయి, మూడూ వేరువేరు చేతులవి.

నేను లోహం మీద గీయలేదు. కాగితం ముక్క గుండ్రంగా కత్తిరించి, వెనక మూత లోపల పెట్టాను. దాని మీద సన్నగా రాశాను: విప్పిన తేదీ, కొత్త మెయిన్ స్ప్రింగు, వేసిన నూనె, కేసు దీనిది కాదు, తర్వాత తొడిగింది. మీ గడియారం పూర్తయిన రోజున మీరూ అలాంటి కాగితం ఒకటి పెట్టండి. కేసు మార్చిన సంగతి తప్పకుండా రాయండి.